‘ప్రొటెస్ట్’కు తెలుగు మాట: నిరసన, నిరశన పదాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఇంగ్లీషులో అననుమోదాన్ని తెలిపే మాటలు అనేకం ఉన్నా, ప్రజాజీవితంలో ఎక్కువగా వినిపించేది ‘ప్రొటెస్ట్’. నేటి తెలుగులో దానికి స్థిరపడిన సమానార్థకం ‘నిరసన’. నిరసన ప్రదర్శన, నిరసన దీక్ష, నిరసన గళం, నిరసన కవిత్వం వంటి సమాసాలు పత్రికల్లోనూ పాఠ్యగ్రంథాల్లోనూ నిత్యం కనిపిస్తున్నాయి. హైదరాబాదులో హబ్సిగూడ, తార్నాక కూడళ్ళను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణ చరిత్రను ఈ మాట లేకుండా రాయడం దాదాపు అసాధ్యం. అయితే ఈ మాట ప్రాచీనార్థం ఇది కాదు. పైగా ‘నిరశన’ అనే మరొక మాట ఉచ్చారణలో దీనికి అతి దగ్గరగా ఉండి, రాతలో తరచుగా దీని స్థానాన్ని ఆక్రమిస్తోంది. ఈ రెండు మాటల అర్థాలను, అవి మారిన చారిత్రక సందర్భాలను పరిశీలించి, వాటి వాడుకలో పాటించదగిన వివేకాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం. పదార్థ చర్చగా కనిపించే ఈ విషయం చరిత్ర రచనకు కూడా సంబంధించినదే. అన్నం మానిన మనిషికీ, అసమ్మతి తెలిపిన మనిషికీ మధ్య ఉన్న భేదం ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంది.

‘ప్రొటెస్ట్’: సాక్ష్యం నుంచి అభ్యంతరానికి

‘ప్రొటెస్ట్’ లాటిన్ మూలం నుంచి వచ్చిన మాట. ఆ మూలంలో ‘సాక్షి’ అనే అర్థమిచ్చే ‘టెస్టిస్’ ఉంది. నలుగురి ముందు సాక్ష్యంగా ప్రకటించడం దాని మొదటి అర్థం. అందులో వ్యతిరేకత లేదు. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకంలో రాణి ఈ క్రియను వాడినప్పుడు దాని అర్థం ఒట్టు పెట్టుకొని చెప్పడమే కాని అభ్యంతర పెట్టడం కాదు. నేటికీ ఇంగ్లీషులో ఈ క్రియకు ‘నిర్దోషిత్వం’ కర్మగా వస్తే, తాను నిర్దోషినని గట్టిగా చాటుకోవడం అనే అర్థమే వస్తుంది. దానిని ‘తన నిర్దోషిత్వానికి నిరసన తెలిపాడు’ అని అనువదిస్తే భావం తలకిందులవుతుంది.

1529లో జర్మనీలోని స్పేయర్ నగర సభలో, లూథర్ సంస్కరణలను అడ్డుకొనే తీర్మానాన్ని కొందరు రాజకుమారులు, నగర ప్రతినిధులు అంగీకరించక తమ అభిప్రాయాన్ని లిఖితంగా ప్రకటించారు. ఆ ప్రకటన నుంచే ‘ప్రొటెస్టెంట్’ అనే పేరు పుట్టింది. సభలో సంఖ్యాబలం లేనివారు తమ మాట నమోదు కావాలని కోరిన సందర్భమిది. సాక్ష్యం చెప్పడం అనే అర్థానికి, అంగీకరించకపోవడం అనే అర్థం తోడైన తీరుకు ఇది స్పష్టమైన ఉదాహరణ. వాణిజ్య న్యాయంలో పాత అర్థం ఇంకా బతికే ఉంది. 1881 నాటి భారత నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో, బిల్లు చెల్లనప్పుడు నోటరీ ఇచ్చే ధ్రువపత్రానికి పేరు ‘ప్రొటెస్ట్’. అక్కడ కోపం లేదు, ఊరేగింపు లేదు, జరిగినదానికి సాక్ష్యం మాత్రమే ఉంది.

‘నిరసన’: పైనుంచి కిందికి చూసే చూపు

సంస్కృతంలో ‘విసరు’ అనే అర్థం గల ‘అస్’ ధాతువుకు ‘నిర్’ ఉపసర్గ చేరగా ‘నిరసనం’ ఏర్పడింది. బయటికి విసరివేయడం, తోసిపుచ్చడం దాని అర్థం. అమరకోశం దీనిని నిరాకృతి, ప్రత్యాదేశం, ప్రత్యాఖ్యానం అనే మాటల సరసన నిలిపింది. శాస్త్ర చర్చల్లో ప్రతివాది పక్షాన్ని ఖండించి తోసివేయడాన్ని కూడా నిరసనమే అన్నారు. ప్రాచీన తెలుగు కావ్యభాషలో ‘నిరసించు’ అంటే తిరస్కరించు, తృణీకరించు, చులకన చేయు అని అర్థం.

ఇక్కడ గమనించవలసినది పాత్రల స్థానం. తిరస్కరించగలవాడు ఏదో ఒక విధంగా పైచేయి గలవాడై ఉంటాడు. దాత యాచకుణ్ణి, పండితుడు పామరుణ్ణి, రాజు రాయబారిని నిరసించగలరు. అంటే ప్రాచీనార్థంలో నిరసన బలవంతుడి చర్య. నేటి అర్థంలో అది బలహీనుడి చర్య. ప్రభుత్వాన్ని ప్రజలు, యాజమాన్యాన్ని కార్మికులు, అధికారులను విద్యార్థులు నిరసిస్తారు. మాట మారలేదు కాని, అది ప్రసరించే దిశ తిరగబడింది. ఇంగ్లీషు మాటలో సాక్ష్యం అభ్యంతరమైతే, తెలుగు మాటలో ఈసడింపు అభ్యంతరమైంది. రెండు భాషలు వేర్వేరు దారుల్లో నడిచి ఒక్కచోటికి చేరాయి.

1921 నవంబరు 12: రెండు అర్థాలు ఎదురుపడిన సభ

ఈ రెండు అర్థాలు ఒకే సభలో ఎదురుపడిన సందర్భం హైదరాబాదు చరిత్రలో ఉంది. 1921 నవంబరు 12న వివేకవర్ధని ప్రాంగణంలో మహర్షి కర్వే అధ్యక్షతన నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అక్కడ ఇతర భాషల ఉపన్యాసాలను సభ్యులు శ్రద్ధగా విన్నారు. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా, సభలోని కొందరు గేలి చేసి ఆయన ప్రసంగాన్ని సాగనివ్వలేదు. అది ప్రాచీనార్థంలో నిరసన, అంటే ఒక భాషను తృణీకరించడం. ఆ అవమానాన్ని సహించలేని తెలుగువారు సభ విడిచి వెళ్ళారు. అది ఆధునికార్థంలో నిరసన. వారు ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. ఈ వృత్తాంతాన్ని మాడపాటి హనుమంతరావు తమ ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ గ్రంథంలో నమోదు చేశారు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు మూలం ఆ రాత్రి సమావేశమే.

ఈ సంఘటన నుంచి ఒక సూత్రాన్ని గ్రహించవచ్చు. నేటి అర్థంలోని నిరసన, చాలా సందర్భాల్లో, పాత అర్థంలోని నిరసనకు జవాబు. ఒకరి చేత చులకనకు గురైనవారు ఆ చులకనను అంగీకరించబోమని ప్రకటించడమే దాని తొలి రూపం. అందువల్ల అర్థపరిణామం యాదృచ్ఛికమని అనుకోనక్కర లేదు. తోసివేయబడినవారు తోసివేతను తోసివేస్తున్నారు.

నిరాకరణ, బహిష్కరణ: తోబుట్టువులైన మాటలు

దిశ తిరగబడిన మాట ‘నిరసన’ ఒక్కటే అయితే ఈ సూత్రానికి బలం తక్కువ. కాని ‘బహిష్కారం’ చరిత్ర కూడా ఇలాంటిదే. కులపెద్దలు విధించే ‘వెలి’కి సంస్కృత సమానార్థకం బహిష్కారం. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆయనా ఆయన సహచరులూ ఎదుర్కొన్నది ఈ బహిష్కారాన్నే. అంతకు ముందు ఏడాదే, 1880లో, ఐర్లండులోని మేయో ప్రాంతంలో భూస్వామి ప్రతినిధి కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్‌తో ఊరంతా మాటా పనీ మానివేయగా ఆయన పేరే ఇంగ్లీషులో క్రియగా మారింది. అక్కడ వెలివేసినవారు కౌలురైతులు. 1905 తరవాత స్వదేశీ ఉద్యమంలో ‘బాయ్‌కాట్’కు తెలుగు కావలసి వచ్చినప్పుడు బహిష్కారం చేతికందింది. కులపెద్దల ఆయుధం విదేశీ వస్త్రాలపై ప్రజల ఆయుధమైంది.

అదే రాజమహేంద్రవరంలో 1907లో, బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాల తరవాత, ట్రెయినింగ్ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి తొలగించారు. దానిని కూడా మనం బహిష్కరణ అనే అంటున్నాం. ఇరవై ఆరేళ్ళ వ్యవధిలో ఒకే పట్టణంలో ఆ మాట కులానికీ, ఉద్యమానికీ, విద్యాసంస్థకూ పనిచేసింది. ఎవరు ఎవరిని బహిష్కరించారన్నది చెప్పకపోతే ఆ మాటకు పూర్తి అర్థమే లేదు.

1920లో వచ్చిన ‘సహాయ నిరాకరణం’ మరొక ఉదాహరణ. నిరాకరించడం అధికారి హక్కు. అర్జీని నిరాకరించేవాడు అతడే. అటువంటి అధికారికే ప్రజలు తమ సహాయాన్ని నిరాకరించడం ఆ ఉద్యమ సారాంశం. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన జరిగిన చీరాల–పేరాల ఉద్యమం, పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన సాగిన పెదనందిపాడు పన్నుల నిరాకరణోద్యమం ఆ మాటకు ఆచరణ రూపాలు. అమరకోశంలో పక్కపక్కన ఉన్న నిరాకృతి, నిరసనం ఇరవయ్యో శతాబ్దంలో పౌరుల చేతికి చేరాయి.

‘నిరశన’: అన్నం మానిన మనిషి

‘అశనం’ అంటే ఆహారం. ‘నిరశనం’ అంటే ఆహారం లేకపోవడం. ధాతువు వేరు, అర్థం వేరు. అయినా శకార సకారాల ఉచ్చారణ భేదం నిత్యవ్యవహారంలో చాలామంది నోట లోపించడంతో ‘నిరశన’, ‘నిరసన’ ఒకటిగానే వినిపిస్తాయి. భేదం చెవికి అందకపోయినా చరిత్రకు అవసరం.

పట్టుదలతో ఆహారం మాని ఎదుటివారిని ఒప్పించే పద్ధతి మన సాహిత్యానికి కొత్త కాదు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో, రాముడు తిరిగి రానన్నప్పుడు భరతుడు దర్భలు పరిపించుకొని పర్ణశాల ముందు నిరాహారుడై పడుకోవడానికి సిద్ధపడతాడు. సొమ్ము పోగొట్టుకున్న బ్రాహ్మణుడు బాకీదారు వాకిట పడుకొనే ఆచారంతో అతడు తన చర్యను పోల్చుకుంటాడు. అది క్షత్రియులకు విహితం కాదని రాముడు వారిస్తాడు. కిష్కింధాకాండలో సీత జాడ తెలియని అంగదాదులు ప్రాయోపవేశానికి పూనుకుంటారు. మొదటిది ఎదుటివాడి మనసు మార్చడానికి, రెండవది ప్రాణత్యాగానికి. ఆధునిక ‘ఆమరణ నిరాహార దీక్ష’లో ఈ రెండూ కలిసి ఉన్నాయి.

ఆంధ్ర రాష్ట్రం కోసం 1951లో స్వామి సీతారాం 35 రోజులు ఉపవసించారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట దీక్ష మొదలుపెట్టిన పొట్టి శ్రీరాములు 58వ రోజున, డిసెంబరు 15న కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. శ్రీరాములు చేసినది నిరశన. దానిని ‘నిరసన’ అని రాస్తే వాక్యం తప్పు కాకపోవచ్చు, ఎందుకంటే ఆయన అసమ్మతి కూడా తెలిపారు. కాని ఆ 58 రోజుల ఆకలి ఆ మాటలోంచి మాయమవుతుంది. దీనికి విపర్యయంగా, ఒక పూట శిబిరంలో కూర్చొని లేచినవారి కార్యక్రమాన్ని ‘నిరశన’ అని రాస్తే లేని త్యాగం చరిత్రకెక్కుతుంది. పాత పత్రికల ఆధారంగా ఉద్యమ చరిత్ర రాసే పరిశోధకుడు ఈ మాట కనిపించిన ప్రతిచోటా, అక్షరాన్ని కాక సందర్భాన్ని బట్టి నిర్ణయించుకోక తప్పదు.

ధర్నా: వాకిలి నుంచి కూడలికి

భరతుడు ప్రస్తావించిన బాకీదారు వాకిటి ఆచారానికే తరవాతి కాలపు పేరు ‘ధర్నా’. 1860 నాటి భారత శిక్షాస్మృతి 508వ సెక్షను, ఒక మనిషి తాను దైవాగ్రహానికి పాత్రుడవుతానని నమ్మేలా చేసి అతణ్ణి లొంగదీయడాన్ని నేరంగా పేర్కొంది. ఆ సెక్షనుకు ఇచ్చిన మొదటి ఉదాహరణ వాకిట ధర్నా కూర్చోవడమే. ఇంగ్లీషు శాసనకర్త ఇక్కడ ‘అప్రసన్నత’ను మనిషికి కాక దేవుడికి ఆపాదించాడు. వాకిట కూర్చున్నవాడి అసమ్మతికి సొంత బలం లేదని, దాని వెనక దైవభయం ఉంటేనే అది పనిచేస్తుందని ఆ చట్టం భావించింది.

ఇరవయ్యో శతాబ్దపు ధర్నాలో దైవభయం లేదు. దాని స్థానంలో లోకమనే సాక్షి వచ్చి చేరింది. స్థలం కూడా మారింది. పూర్వం ధర్నా బాకీదారు గడపలోనే జరగాలి. నేడు దానికి ప్రత్యేక స్థలాలు ఏర్పడ్డాయి. హైదరాబాదులో ఇందిరా పార్కు సమీపాన ఉన్న ‘ధర్నా చౌక్’ పేరే ఇందుకు సాక్ష్యం. గడపకు దూరమైన ధర్నా ఎదుటివాడి కంటికి కాక పత్రికల కంటికి కనిపించడానికి ప్రయత్నించవలసి వచ్చింది.

ఉస్మానియా ప్రాంగణంలో మూడు మాటలు

1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అవసరమైన గ్రంథాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. అందుచేత ఈ ప్రాంగణంలో అసమ్మతి తెలిపే మాట మొదట ఉర్దూలో వినిపించింది. ‘ప్రొటెస్ట్’కు ఉర్దూ మాట ‘ఇహ్తిజాజ్’. రుజువు, వాదం అనే అర్థాలున్న ‘హుజ్జత్’ పుట్టిన అరబ్బీ ధాతువే దీనికీ మూలం. అంటే ఇంగ్లీషు మాట సాక్ష్యాన్ని, ఉర్దూ మాట వాదాన్ని, తెలుగు మాట తోసివేతను పునాదిగా చేసుకున్నాయి. ఈ మూడూ కలిసి వినిపించిన విద్యాప్రాంగణాలు అరుదు.

1938లో వసతిగృహాల్లో వందేమాతరం పాడటాన్ని నిషేధించగా విద్యార్థులు తరగతులు మానివేశారు. వారిని విశ్వవిద్యాలయం బహిష్కరించింది. పలువురు చదువు కోసం నాగపూరు వెళ్ళారు. వరంగల్లు నుంచి పి.వి. నరసింహారావు కూడా అలా వెళ్ళినవారే. 1952లో ముల్కీ నిబంధనల అమలు కోరుతూ సాగిన విద్యార్థి ఉద్యమంలో వినిపించిన ప్రధాన నినాదం ‘నాన్‌ముల్కీ గో బ్యాక్’. 1928లో సైమన్ కమిషన్‌ను ఎదిరించిన ‘గో బ్యాక్’ ఇందులో తిరిగి పలికింది. ‘వెనక్కి పో’ అనడం విసరివేయడమే, అంటే నిరసనకు ధాత్వర్థమే. ఆ సెప్టెంబరులో సిటీ కళాశాల వద్ద పోలీసు కాల్పులు జరిగాయి. వాటిపై జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. 1969లో, ఆ తరవాత 2009 నుంచి, తెలంగాణ ఉద్యమానికి ఆర్ట్స్ కళాశాల ముంగిలి కేంద్రమైంది.

మలి ఉద్యమం మాటల విషయంలో కూడా గమనింపదగినది. 2009 నవంబరు 29న కె. చంద్రశేఖర రావు నిరాహార దీక్షకు పూనుకున్నారు. డిసెంబరు 9న కేంద్రం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ ప్రారంభిస్తామని ప్రకటించింది. 2011లో అదే ఉద్యమం ‘వంటావార్పు’ అనే కార్యక్రమాన్ని చేపట్టింది. జనం రోడ్ల మీదనే పొయ్యిలు పెట్టి, అన్నం వండి, గంజి వార్చి, కలిసి తిన్నారు. అన్నం మానడం నిరశన అయితే, అన్నం వండి తినడం నిరసన అయింది. ఈ రెండు మాటలు వేర్వేరని నిరూపించడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు. ఆకలితో కూర్చున్న ఒక్కరి చుట్టూ తిరిగిన పద్ధతి, కలిసి భుజించిన వేలమంది పద్ధతిగా మారింది. ‘సకల జనుల సమ్మె’, ‘సాగరహారం’ వంటి పేర్లను కూడా ఉద్యమకారులు ఇంగ్లీషు నుంచి అనువదించకుండా తెలుగులోనే కట్టుకున్నారు.

వాడుకలో వివేకం

నేటి తెలుగులో ‘నిరసించు’ క్రియ కన్నా ‘నిరసన తెలుపు’, ‘నిరసన ప్రకటించు’, ‘నిరసనకు దిగు’ అనే పదబంధాలు ఎక్కువ. క్రియ నామమై, దానికి ‘తెలుపు’ తోడైంది. ఒకరిని ఈసడించడానికి ‘తెలుపు’ అవసరం లేదు, చూపు చాలు. అభ్యంతరం మాత్రం ఎదుటివారికి తెలియాలి, నమోదు కావాలి. ఆ విధంగా ఇంగ్లీషు మాటలోని సాక్ష్యార్థం తెలుగులో ‘తెలుపు’ రూపంలో చేరింది.

‘నిరసన’ను దాని ఇరుగుపొరుగు మాటల నుంచి వేరుచేయడానికి మాట్లాడేవారి స్థానం మంచి కొలమానం. పై అధికారి కింది ఉద్యోగిపై అసంతృప్తి, ఆగ్రహం వ్యక్తం చేస్తాడు కాని నిరసన తెలపడు, ఎందుకంటే చర్య తీసుకొనే అధికారం అతని చేతిలోనే ఉంది. ఒక దేశం మరొక దేశానికి నిరసన తెలుపుతుంది, ఎందుకంటే దానిని ఆజ్ఞాపించే అధికారం దీనికి లేదు. శాసనసభ బాధ్యుణ్ణి తప్పుపడుతూ చేసే తీర్మానం ‘అభిశంసన’. అక్కడ సభకు అధికారం ఉంది. ‘ఖండన’ ఎవరైనా చేయవచ్చు, అది ఒక మాటనో చర్యనో తప్పని తేల్చడం. ‘అసమ్మతి’ సాధారణంగా ఒకే పక్షంలోని, ఒకే సభలోని భిన్నాభిప్రాయం. ఆజ్ఞాపించే శక్తి లేకున్నా అంగీకరించబోమని నలుగురి ఎదుట చెప్పడమే ‘నిరసన’.

ఈ దృష్టితో మూడు సూచనలు చేయవచ్చు. ఒకటి, ఆహారం మానిన సందర్భానికి ‘నిరశన’ లేదా మరింత స్పష్టమైన ‘నిరాహార దీక్ష’ను మాత్రమే వాడాలి. రెండు, ప్రాచీన కావ్యాలకు తాత్పర్యం రాసేటప్పుడు ‘నిరసించు’ను నేటి అర్థంలో గ్రహించరాదు. అలా గ్రహిస్తే తృణీకరించిన రాజు ఉద్యమకారుడిగా కనిపిస్తాడు. మూడు, ‘ప్రొటెస్ట్’ కనిపించిన ప్రతిచోటా ‘నిరసన’ రాయకుండా, అది సాక్ష్యమా, ప్రకటనా, అభ్యంతరమా అని అనువాదకుడు విచారించుకోవాలి.

ముగింపు

‘నిరసన’ చరిత్ర ఒక అర్థం పోయి మరొకటి వచ్చిన సాధారణ పరిణామం కాదు. చులకన చేసేవారి మాటను చులకనకు గురైనవారు స్వాధీనం చేసుకున్న తీరు అందులో నిక్షిప్తమై ఉంది. బహిష్కారం, నిరాకరణం అనే మాటలు కూడా ఆ దారిలోనే నడిచాయి. ధర్నా వాకిలి విడిచి కూడలికి చేరింది. ‘నిరశన’ మాత్రం తన అర్థాన్ని మార్చుకోలేదు. అన్నం మానడం అన్నం మానడమే. దాని విలువ ఆ స్థిరత్వంలోనే ఉంది. ఒకే శబ్దంలా వినిపించే ఈ రెంటినీ రాతలో విడిగా నిలుపుకోవడం భాషా శుద్ధి కోసం కాదు, ఎవరు ఏమి చేశారో చరిత్రలో సరిగా నమోదు కావడం కోసం.